చిన్న గ్లాసెడు రక్తము

ఒమాన్ రాజధానియగు మస్కట్ నగరమునకు పడమటి దెసను, సముద్రపుటొడ్డున, సీబ్ విలాయతునకు చేరిన అల్ హైల్ అను పేట యొకటి కలదు. సుల్తాన్ ఖాబూస్ రాజమార్గము నడుమగా సాగిపోవుచు ఆ పేటను ఉత్తర హైల్ అనియు దక్షిణ హైల్ అనియు రెండుగా విభజించుచున్నది. ఒకప్పుడు చేపల వలలకును ఖర్జూరపు తోటలకును నెలవైన యీ తీరమున నేడు తెల్లని మేడలు వరుసలు తీరి యున్నవి. ఈ ప్రాంతమున ఇంజనీర్లుగా, నర్సులుగా, దుకాణములలో గుమాస్తాలుగా జీవించు తెలుగువారును, కడప నుండియు గోదావరి మండలముల నుండియు వచ్చి పరుల యిండ్లలో పనిచేసి తమ పిల్లల చదువులకు డబ్బు పంపుకొను తెలుగు స్త్రీలును ఉన్నారు.

ఇట్టి పరదేశమున నొక తెలుగు ఇల్లాలికి నెలలు నిండక మునుపే నొప్పులు వచ్చినచో ఆ యింటి కష్టము రెండింతలగును. సీమంతము చేయించుకొని పుట్టింటికి పోవుటకై కొనిపెట్టుకొన్న విమానపు టిక్కెట్టు బీరువాలోనే యుండును. బిడ్డ గాజుపెట్టెలో నుండును. తల్లిని ఒడిలోనికి తీసుకొని ఓదార్చవలసిన అమ్మమ్మ సముద్రమున కావలి నుండును. ఫోనులో ఆమె మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఎన్నో నెలమ్మా, ఏడా, ఎనిమిదా?" ఏడవ నెలలో పుట్టిన బిడ్డ దక్కునుగాని ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదని మన యిండ్లలో తరతరములుగా నొక నమ్మకము పాతుకొని యున్నది. ఈ నమ్మకము గాలిలో పుట్టినది కాదు. ఎనిమిదవ మాసమున ఓజస్సు స్థిరముగా నిలువక తల్లి నుండి బిడ్డకును బిడ్డ నుండి తల్లికిని సంచరించుచుండుననియు, ఆ సమయమున పుట్టిన శిశువునకు ప్రాణభయమనియు చరక సుశ్రుతుల గ్రంథములు చెప్పుచున్నవి.

ఇందు ఫలితమును గూర్చి చెప్పిన మాట నిజము కాదు. గర్భములో గడపిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డ కంటె ఆశ ఎక్కువ గాని తక్కువ కాదు. ఎనిమిదవ నెలలో కాన్పైనదని కన్నీరు పెట్టుకొను తల్లికి ఈ మాట మొదటనే చెప్పవలెను. కాని, కాన్పుకు ముందరి కడపటి మాసములలో తల్లి నుండి బిడ్డకు అమూల్యమైన దేదో ప్రవహించుచుండునని గ్రహించిన ఆ ప్రాచీనుల చూపు మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు. నేటి వైద్యశాస్త్రము ఆ ప్రవాహమునకు పేరు పెట్టి, తూచి, కొలిచి చూపుచున్నది. అది యినుము; ఆ యినుముతో బిడ్డలో తయారగు రక్తము; ఆ రక్తము మోసుకొనిపోవు ప్రాణవాయువు. ఆ ప్రవాహము నడుమ తెగిపోయిన బిడ్డ కేమగునో, దానిని మనుష్యప్రయత్నము ఎంతవరకు పూరింపగలదో వివరించుటకే యీ వ్యాసము.

నలువది వారముల గర్భవాసములో 37 వారములు నిండక మునుపే పుట్టిన శిశువును అకాలజాత శిశువందురు. మన యిండ్లలో నెల తక్కువ బిడ్డ యందురు. 2020 సంవత్సరమున ప్రపంచమంతటను సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువు లిట్లు జన్మించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క; అనగా ఇంచుమించు పదిమందిలో నొకరు. వారిలో 28 వారములకు ముందే పుట్టి, కిలో బరువైనను తూగని పసికందుల విషయమే మిక్కిలి సున్నితమైనది.

కిలో బరువున్న అట్టి శిశువు శరీరములో ఎంత రక్తముండును? సుమారు 90 మిల్లీలీటర్లు. అల్ హైల్ వీధుల కొసలనున్న చిన్న హోటళ్లలో కరక్ చాయ్ పోసి యిచ్చు కాగితపు గ్లాసును చేతబట్టుకొని చూచినచో ఈ మాట యర్థమగును. గుండె నుండి మెదడు దాక, కాలి బొటనవ్రేలి దాక తిరుగవలసిన రక్తమంతయు కలిసి ఆ చిన్న గ్లాసెడు. అరువది కిలోల మనిషిలో దాదాపు నాలుగున్నర లీటర్ల రక్తముండును గనుక, ఆ పసికందు నుండి పరీక్షకై తీసిన ఒక్క మిల్లీలీటరు పెద్దవాని నుండి 50 మిల్లీలీటర్లు తీసిన దానితో సమానము. ఐదు మిల్లీలీటర్లు తీసితిమా, అది పెద్దవాడు రక్తదానము చేయునప్పుడిచ్చు దానిలో సగమునకు మించినదగును.

నెల తక్కువ బిడ్డకు రక్తహీనత కలుగుటకు గల కారణములలో మొదటిది ప్రకృతిసిద్ధమైనది. గర్భములోని శిశువు ప్రాణవాయువు మిక్కిలి పలుచగా లభించు లోకమున నివసించును. ఆ కొరతను పూడ్చుటకై ఎరిత్రోపోయెటిన్ అను హార్మోను ఎర్రకణములను విరివిగా పుట్టించును. బిడ్డ పుట్టి తొలిసారి గాలి పీల్చినంతనే ప్రాణవాయువు సమృద్ధమగును, హార్మోను అణగిపోవును, కొత్త కణములు పుట్టుట కొన్ని వారములు మందగించును. నెలలు నిండిన బిడ్డలోను ఇది జరుగును. ఎనిమిది మొదలు పన్నెండు వారముల వయస్సునకు హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 10, 11 గ్రాముల ప్రాంతమునకు దిగి, పిమ్మట తనంత తానే లేచును. అకాలజాత శిశువులో నైతే ఈ హార్మోనును పుట్టించు పని యింకను మూత్రపిండములకు సంక్రమింపక కాలేయముననే యుండును. రక్తములో ప్రాణవాయువు తగ్గుటను కాలేయము మూత్రపిండముల వలె చురుకుగా పసిగట్టజాలదు. అందుచేత కిలోకు తక్కువైన బిడ్డలో నాలుగు మొదలు ఎనిమిది వారములలోనే హీమోగ్లోబిన్ 7, 8 గ్రాములకు జారిపోవుట కలదు.

రెండవది కణముల యల్పాయువు. పెద్దవారి ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. నెలలు నిండిన శిశువులో 60 మొదలు 90 దినములు. అకాలజాతునిలో 35 మొదలు 50 దినములే. మూడవది యినుము. బిడ్డ జీవితపు తొలి మాసములకు సరిపడు యినుమును తల్లి కడపటి మూడు మాసములలోనే యెక్కువగా బిడ్డకు ఒప్పగించును. ఆ మూడు మాసములు గర్భములో గడపని బిడ్డ ఖాళీ గాదెతో కొత్త కాపురమునకు వచ్చినట్లు వచ్చును. అటుపిమ్మట వేగముగా ఎదుగవలసిన శరీరము ఉన్న కొద్ది యినుమును మరింత పలుచన చేయును. నాలుగవది మనము చేయునట్టిదే. ఊపిరి, చక్కెర, కామెర్లు, సూక్ష్మజీవుల దోషము, ఇవన్నియు తెలిసికొనుటకు బిడ్డ మడమ నుండియో, బొడ్డునాళము నుండియో అర మిల్లీలీటరు, ఒక మిల్లీలీటరు చొప్పున పదే పదే తీయక తప్పదు. ప్రాణము నిలుపుటకే తీయు రక్తమైనను, తొలి వారములలో అట్లు తీసినదంతయు కూడి ఆ చిన్న గ్లాసులో గణనీయమైన భాగమగును.

ఈ రక్తహీనత మెదడు వరకు ఎట్లు చేరును? మానవుని మెదడు గర్భవాసపు కడపటి మాసములలో ఎదిగినంత వేగముగా మరెన్నడును ఎదుగదు. 24వ వారమున శిశువు మెదడు ఇంచుమించు నున్నగా నుండును. 40వ వారము నాటికి మడతలు పడి, గట్లు కట్టి, మన మెరిగిన రూపము దాల్చును. 29వ వారము మొదలు 40వ వారము వరకు గల యా కొద్దికాలములో మెదడు పైపొరలోని బూడిదవర్ణ పదార్థము దాదాపు నాలుగు రెట్లగునని ఎమ్మారై చిత్రములచే కొలిచి కనుగొనిరి. తల్లి గర్భమను చీకటిలో జరుగవలసిన యీ నిర్మాణము అకాలజాతుని విషయమున దీపముల వెలుతురులో, యంత్రముల చప్పుడులో, సూదుల నడుమ జరుగును. ఆ నిర్మాణమునకు కావలసిన ఇంధనము ప్రాణవాయువు, దానిని మోసుకొనిపోవు బండ్లు ఎర్రకణములు. బండ్లు తగ్గినచో మెదడు ముందుగా తనవంతు ఉపాయము చేసికొనును. రక్తనాళములను వెడల్పు చేసి ప్రవాహమును పెంచుకొనును, వచ్చిన రక్తము నుండి మామూలు కంటె ఎక్కువ ప్రాణవాయువును పిండుకొనును. ఆ ఉపాయమునకును ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటిన పిమ్మట కణములు ఆకలిగొనును.

అంతేకాక, 32 వారముల లోపు శిశువు మెదడులో, లోపలి కుహరముల అంచున, సాలెగూటి పోగులవలె అతిసున్నితములైన రక్తనాళముల గుబురు ఒకటి యుండును. పుట్టిన తొలి మూడు దినములలో రక్తపు ఒత్తిడి హెచ్చుతగ్గులైనచో ఆ నాళములు తెగి కుహరములలో రక్తస్రావము కలుగు ప్రమాదము కలదు. నరముల తీగెలపై కొవ్వుతొడుగు అల్లు కణములు కూడ ఆ వయస్సున మిక్కిలి లేతవి. ప్రాణవాయువు కొరతకు అవియే మొదట వాడిపోవును. ఆ తొడుగును అల్లుటకును, జ్ఞాపకమునకు ఆధారమైన మెదడు భాగము ఎదుగుటకును ఇనుము ఆవశ్యకము. కావున రక్తహీనతయనగా బిడ్డ ముఖము పాలిపోవుట మాత్రమే కాదు. కట్టుచున్న యింటికి ఇటుకలును కూలీలును ఒకేసారి తగ్గుట.

అట్లయినచో రక్తమెక్కించిన సరిపోవును గదా యని తోచుట సహజము. శిశువునకు రక్తమెక్కించిన కథలలో ప్రసిద్ధమైనది 1908లో న్యూయార్కులో జరిగినది. ఒక వైద్యుని నవజాత శిశువు ఆగని రక్తస్రావముతో తెల్లబడి ప్రాణము మీదికి రాగా, అలెక్సిస్ కారెల్ అను శస్త్రవైద్యుడు ఆ తండ్రి ముంజేతి ధమనిని ఆ పసిబిడ్డ కాలి సిరతో సూదిదారములతో కలిపి కుట్టి, తండ్రి రక్తమును నేరుగా బిడ్డలోనికి ప్రవహింపజేసెను. రక్తవర్గములను లాండ్‌స్టైనర్ అప్పటికి కొన్నియేండ్ల ముందే కనుగొనియున్నను వాటిని పరీక్షించు నలవాటు ఇంకను వ్యాపింపలేదు. ఆ బిడ్డ బ్రతికెను. రక్తనాళములను కలిపి కుట్టు విద్యకును, అవయవముల మార్పిడికి సంబంధించిన కృషికిని కారెల్ 1912లో నోబెల్ బహుమానము పొందెను.

నేడు ఆ పని యెంత నెమ్మదిగా, ఎంత నిరాడంబరముగా జరుగునో చూడవలెను. ఒక దాత యిచ్చిన రక్తములోని ఎర్రకణములను వేరుచేసి, చిన్న చిన్న సంచులలోనికి పంచి యుంచుదురు. ఒకే బిడ్డకు మరల అవసరమైనపుడు ఆ దాత సంచినే వాడవచ్చునని వారి యుద్దేశము. దాతల సంఖ్య ఎంత తగ్గునో బిడ్డకు అంత మేలు. తెల్లకణములను వడగట్టి, కొన్నిచోట్ల కిరణములు సోకించి, వర్గము సరిచూచి తెచ్చిన ఆ రక్తమును నర్సు ఒక సిరంజిలోనికి తీసికొని మంచము ప్రక్కనున్న చిన్న యంత్రములో అమర్చును. కిలోకు 15 మిల్లీలీటర్లు, అనగా కిలో బిడ్డకు మూడు చెంచాలు, మూడు నాలుగు గంటల కాలములో బొట్టుబొట్టుగా లోనికి పోవును. సిరంజి పిస్టను కదలుచున్నట్లు కంటికి కనబడదు. గాజు ఆవల నిలిచి చూచు తల్లికి, కాసేపటికి బిడ్డ పెదవుల రంగు మారినట్లు తోచును. అది నిజముగానే మారియుండవచ్చును.

ఇక్కడనే తండ్రులును తల్లులును రెండు విధములుగా ప్రశ్నించుచుందురు. "రక్తం ఎక్కిస్తే బిడ్డ తొందరగా కోలుకుంటాడు కదండీ డాక్టరుగారూ, మరి ఇంకా ఎందుకు ఆగుతున్నారు?" అని ఒకరు. "ఇంత చిన్న బిడ్డకు వేరేవాళ్ల రక్తమా, ఎక్కించకుండా ఉండలేరా?" అని మరియొకరు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. ఈ రెంటి నడుమనే వైద్యలోకము ఇరువది ముప్పది సంవత్సరములు సందేహములో నడచినది.

అమెరికాలోని అయోవాలో, 1990 దశకమున పుట్టిన నూరుగురు శిశువులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు హీమోగ్లోబిన్ కొంత తగ్గగానే ఉదారముగా రక్తమెక్కించిరి. రెండవ తెగకు మరికొంత దిగువకు వచ్చువరకు ఆగిరి. 2005లో ఎడ్వర్డ్ బెల్ బృందము ప్రకటించిన ఫలితము ఆగిన తెగలో మెదడు గాయములు ఎక్కువయని సూచించెను. అందరును ఉదారతయే మేలనుకొనవలసిన తరుణమున, ఆ శిశువులు సుమారు పండ్రెండేండ్ల వారైన పిమ్మట వారిలో కొందరి మెదడులను చిత్రించి చూడగా, ఉదారముగా రక్తము పొందిన వారి మెదడు పరిమాణమే తక్కువగా కానవచ్చెను! పరీక్షింపబడినవారు కొద్దిమంది గనుక ఏ పక్షమును గట్టిగా నిలుచుటకు వీలులేకపోయెను. 2006లో వెలువడిన పింట్ అను పరిశోధన 451 శిశువులను పరిశీలించి, మరణములలో గాని పెద్ద అనర్థములలో గాని స్పష్టమైన భేదము లేదని చెప్పెను. అయినను వారి తరువాతి పరీక్షలలో ఉదారతకు కొంత మొగ్గు కనిపించెను. ఒకే ప్రశ్నకు ఒక కొలమానము ఔననియు మరియొకటి కాదనియు చెప్పుచుండగా, ప్రతి ఆసుపత్రియు తన తన యలవాటును బట్టియే నడచుకొనెను.

ఈ సందిగ్ధము 2020లో తొలగినది. ఆ సంవత్సరము ఆగస్టులో ఐరోపా నుండి ఎట్నో అను పరిశోధన వెలువడెను. కిలోకు లోబడిన 1,013 మంది శిశువులను అందు పరీక్షించిరి. డిసెంబరులో అమెరికా నుండి హరేశ్ కిర్పలానీ నాయకత్వమున టాప్ అను మరింత పెద్ద పరిశోధన వెలువడెను. అందు 1,824 మంది శిశువులు. ఉదాహరణకు, టాప్ పరిశోధనలో శ్వాసకు యంత్రసహాయము పొందు శిశువునకు తొలివారములో హీమోగ్లోబిన్ 13కు దిగగానే రక్తమెక్కించుట ఒక పద్ధతి, 11కు దిగువరకు ఆగుట మరియొక పద్ధతి. మూడవ వారము మొదలు, యంత్రము అవసరములేని బిడ్డ విషయమున 10 ఒక హద్దు, 7 మరియొక హద్దు. రెండేండ్ల వయస్సున ప్రతి బిడ్డనును కూర్చుండబెట్టి చూపు, వినికిడి, నడక, బుద్ధివికాసము పరీక్షించిరి. మరణమో, మెదడు ఎదుగుదలలో లోపమో కలిగినవారు టాప్ పరిశోధనలో ఉదార పక్షమున నూటికి 50.1, మిత పక్షమున 49.8, ఎట్నోలో 44.4, 42.9. అనగా భేదము లేదు.

ఈ అంకెలు నిరాశ కలిగించునవిగా కొందరికి తోచవచ్చును. నాకు మాత్రము ఇవి వేలమంది తల్లిదండ్రుల గుండెబరువును దింపిన యంకెలుగా కనిపించును. వైద్యుడు ఆ హద్దుల లోపల రక్తమెక్కింపక ఆగినచో బిడ్డ బుద్ధికి లోటు కలుగునని తల్లి భయపడనక్కరలేదు. ఎక్కించినచో పరాయి రక్తముచేత మెదడు దెబ్బతినునని తండ్రి కుమిలిపోనక్కరలేదు. ఆగిన పక్షమున రక్తమెక్కించిన సందర్భములు తక్కువ. తక్కువతో సరిపోవునప్పుడు తక్కువయే మేలు. అయితే ఒక హెచ్చరిక మరువరాదు: పరీక్షింపబడిన యా దిగువ హద్దుకు ఇంకను క్రిందికి జారినచో ఏమగునో ఈ పరిశోధనలు చెప్పలేదు. కావున మితముగా నుండుట వేరు, ఉపేక్షించుట వేరు. బిడ్డ బరువు పెరుగక, గుండె అదేపనిగా వేగముగా కొట్టుకొనుచు, ఊపిరి మరచిపోవుచున్నచో ఆ గుర్తులను అంకెలతో పాటు వైద్యులు చూతురు.

ఎక్కించు రక్తమును గూర్చి యింత తర్కము జరుగగా, దానిని మించిన ప్రశ్నయొకటి ప్రక్కనే నిలిచియున్నది: బిడ్డకు సహజముగా చెందవలసిన రక్తమును మనము ముందే పోగొట్టుచున్నామా? 30 వారముల లోపు కాన్పులో మాయకును బిడ్డకును నడుమ ప్రవహించు శిశురక్తములో సుమారు సగము మాయలోనే నిలిచియుండును. బిడ్డ పుట్టినంతనే బొడ్డుత్రాడు బిగించి కోసినచో ఆ రక్తము మాయతో పాటు పళ్లెములోనికి పోవును. ఒక నిమిషము ఆగినచో కిలోకు పది పదిహేను మిల్లీలీటర్ల వరకు బిడ్డలోనికి తిరిగి చేరును. అనగా పిదప సిరంజితో మూడు నాలుగు గంటలలో ఎక్కించు రక్తమంత, పరాయిది కాక తనదే, సూదిపోటు లేక, ఒక్క నిమిషములో లభించును. తక్షణమే ఊపిరి అందింపనవసరము లేని ప్రతి శిశువునకును నిమిషమునకు తక్కువ కాకుండ ఆగి బొడ్డు బిగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వేలమంది అకాలజాత శిశువుల వివరములను ఒకచోట చేర్చి 2023లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన విశ్లేషణలో ఇట్లు ఆగుట మరణములను తగ్గించినట్లు తేలినది. తొందరపడి త్రాడును పిండి రక్తమును లోనికి త్రోయుట మాత్రము 28 వారముల లోపు బిడ్డలలో మెదడు రక్తస్రావమును పెంచినట్లు 2019లో కనిపించినది. మేలు ఓపికలో ఉన్నది గాని బలాత్కారములో లేదు.

రక్తమును నిలుపుకొను రెండవ మార్గము పరీక్షలను తగ్గించుకొనుట. ఒకే బొట్టుతో పలు పరీక్షలు చేయు యంత్రములు వాడుట, అవసరము లేని పరీక్షను మానుట, తొలి పరీక్షలను మాయలో మిగిలిన రక్తముతోనే చేయుట, ఇవన్నియు ఆ చిన్న గ్లాసును కాపాడు ఉపాయములే. మూడవది యినుము. తల్లిపాలు అమృతతుల్యములే యైనను, వాటిలోని యినుము అకాలజాత శిశువు ఖాళీ గాదెను నింపజాలదు. కావున కిలోకు దినమునకు 2 మొదలు 4 మిల్లీగ్రాముల చొప్పున ఐరన్ చుక్కలు వైద్యులు వ్రాసియిత్తురు. మలము నల్లబడినదనియో, బిడ్డ కక్కినదనియో ఆ చుక్కలను మానివేయుట మన యిండ్లలో తరచు జరుగుచుండును. మలము నల్లబడుట ఇనుము లక్షణమే గాని రోగము కాదు. మానుటకు ముందు వైద్యునితో ఒక మాట చెప్పుట మేలు. ఎరిత్రోపోయెటిన్‌ను మందుగా ఇచ్చి మెదడును కాపాడుదమని 941 మంది శిశువులపై జరిపిన పెనట్ పరిశోధన 2020లో వెలువడగా, దానివలన మెదడునకు ప్రత్యేకమైన మేలు కలుగలేదని తేలెను.

ఒమాన్ నేలపై ఈ విషయమునకు మరియొక పార్శ్వము కలదు. ఇక్కడి ప్రజలలో సికిల్ సెల్, తలసీమియా అను వంశపారంపర్య రక్తదోషములు విశేషముగా నున్నవి. జీ6పీడీ అను ఎంజైము లోపము పురుషులలో నాలుగింట నొకవంతు ప్రాంతమున కానవచ్చినది. ఆ లోపమున్న దాత రక్తము నవజాత శిశువునకు కామెర్లు తెచ్చు నవకాశమున్నందున రక్తనిధులవారు ఇక్కడ మరింత మెలకువతో మెలగవలెను. తలసీమియా పిల్లలకు జీవితమంతయు రక్తము కావలసియుండుటచే బౌషర్‌లోని కేంద్ర రక్తనిధికి దాతల అవసరము నిత్యమైనది. భారతీయ సంఘములు శిబిరములు నడపి అక్కడ రక్తమిచ్చుచుండుట మనకు గర్వకారణము. 1970 ప్రాంతమున వేయి జననములలో నూటికి పైగా శిశువులు ఏడాది నిండక మునుపే మరణించిన యీ దేశమున నేడు ఆ సంఖ్య పది ప్రాంతమునకు దిగినది. అల్ హైల్‌కు ప్రక్కనే, అల్ ఖౌద్‌లో, సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రి 1990 నుండి పనిచేయుచున్నది. ఒక తరములో ఒక జాతి తన పసిపిల్లలను ఇట్లు కాపాడుకొనుట సామాన్యమైన విషయము కాదు.

బిడ్డ రక్తమునకు ముందు తల్లి రక్తమున్నది. తల్లి తీవ్రముగా రక్తహీనయైనచో నెలలు నిండక మునుపే కాన్పు అగుటకును, బిడ్డ బరువు తగ్గుటకును అవకాశము పెరుగును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులని తేలినది. ఐదేండ్ల లోపు పిల్లలలో ఆంధ్రప్రదేశమున 63, తెలంగాణమున 70. అన్నపూర్ణయని పిలుచుకొను నేలలో ఈ అంకెలు చదువునపుడు మనస్సు చివుక్కుమనును.

ఈ రక్తహీనతపై జరిగిన పోరాటములో ఒక తెలుగువాని పేరు లోకమంతటను నిలిచియున్నది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ అను జీర్ణరోగమునకు కోల్పోయెను. తానును దానిచే బాధపడెను. ఆ రోగము పోషకముల నడ్డగించి రక్తమును క్షీణింపజేయును. 1920 దశకము చివర బొంబాయి మిల్లులలోని కార్మిక గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ ఈస్టు సారములో నేదో రక్తకారక పదార్థమున్నదని కనుగొనగా, అమెరికాలో సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన లెడర్లీ శాస్త్రజ్ఞులు 1940 దశకము నడుమ ఆ పదార్థమగు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. నేడు ప్రతి గర్భిణికిని వైద్యు లిచ్చు బిళ్లలో ఇనుముతో పాటు ఉన్నది అదే. ఒమాన్ ప్రభుత్వము 1996లో గోధుమపిండిలో ఇనుమును ఫోలిక్ ఆమ్లమును కలిపించుట మొదలుపెట్టెను. ప్రపంచమున ఈ పనికి ముందడుగు వేసిన దేశములలో ఇది యొకటి. అల్ హైల్‌లో ఉదయము బేకరీ నుండి వెచ్చని ఖుబ్బూస్ కొనితెచ్చుకొని తినునపుడు, అందులో భీమవరపు బిడ్డ పరిశ్రమ కొంత కలిసియున్నదని తలచినపుడెల్ల నా కన్నులు చెమర్చును.

గాజుపెట్టె నుండి బయటపడి ఇంటికి వచ్చిన బిడ్డ విషయమున మన పెద్దలు తెలిసికొనవలసిన లెక్క యింకొకటి మిగిలియున్నది. మూడు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ వయస్సును పుట్టిన తేది నుండి గాక, పుట్టవలసిన తేది నుండి లెక్కింపవలెను. పైన చెప్పిన టాప్, ఎట్నో పరిశోధకులు రెండేండ్ల పరీక్షను కూడ అట్లే చేసిరి. వీడియో కాల్‌లో అమ్మమ్మ, "ఏడాది నిండింది, ఇంకా నిలబడడం లేదేంటమ్మా?" అని అడుగును. "వాడికి ఇంకా తొమ్మిది నెలలేనమ్మా" అని కూతురు చెప్పవలెను. ఆ మూడు నెలలను వాడు గర్భములో గడపవలసినవాడు. వాటిని బయట, యంత్రముల నడుమ, అరువు రక్తముతో, తల్లి ఓపికతో గడపినాడు. మొదటి నిమిషమున బొడ్డుత్రాడు దగ్గర ఆగుట నేర్చుకొన్న మనము, వాడు తొలి అడుగు వేయువరకును అట్లే ఆగుదుము గాక.